మబ్బుల మధ్య చోటు

(స్మారకోపన్యాస పాఠం)



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు ఈ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పారు. ఊరు ఆయన్ని సైన్సు మాస్టారనే పిలిచింది. లెక్క చేసి చూపించనిదే ఏ సంగతీ నమ్మమనలేదాయన. ఆయన పేరిట మాట్లాడుతున్నాను కనుక నేనూ లెక్కతోనే మొదలుపెడతాను.

పెద్ద జెట్ విమానం నిమిషానికి సుమారు 8 నాటికల్ మైళ్లు పోతుంది. నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు. ఇక ముందు నేను మైలన్నా అదే లెక్క. రెండు విమానాలు ఎదురెదురుగా వస్తుంటే మధ్య దూరం నిమిషానికి 16 మైళ్ల చొప్పున తరిగిపోతుంది. రాడార్ కనిపెట్టి చూస్తున్న మార్గంలో, ఒకే ఎత్తులో ఉన్న రెండు విమానాల మధ్య, నేలమీంచి వాటికి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉంచవలసిన కనీస దూరం సాధారణంగా 5 మైళ్లు. అది హరించుకుపోవడానికి 19 సెకన్లు చాలు. దూరపు రాడార్ యాంటెన్నా ఒక చుట్టు తిరిగి రావడానికే 10, 12 సెకన్లు పడుతుంది. అంటే తెరమీద చుక్క రెండోసారి కదిలేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అందుకే పక్కదూరం ఇవ్వలేనప్పుడు ఎత్తులో తేడా ఇస్తాం. అది 1000 అడుగులు, సుమారు 300 మీటర్లు. 29,000 అడుగుల పైన ఒకప్పుడు 2000 అడుగులు ఉంచేవాళ్లం. ఎత్తు కొలిచే పరికరాలు మెరుగుపడ్డాక, మన దేశంలో 2003 నవంబరు నుంచి 41,000 అడుగుల దాకా అక్కడా 1000 అడుగులే సరిపెడుతున్నాం. పక్కదూరం, ఎత్తులో తేడా, ఈ రెండింటిలో ఏదో ఒకటి ప్రతి క్షణం ఉండి తీరాలి. కంట్రోలర్‌గా నా ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క నియమం కిందే గడిచింది.

ఆకాశం తేటగా ఉన్న రోజున ఈ నియమం పాటించడం పెద్ద కష్టమేమీ కాదు. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచింది వాతావరణం తిరగబడ్డ రోజు గురించి. ఉరుముల మేఘం విమానాన్ని కుదిపేస్తుందని, పిడుగు పడుతుందని అందరికీ తెలుసు. కంట్రోలర్‌కు అది చేసే అసలు నష్టం వేరు. అది గాలిలో చోటును తినేస్తుంది. ఆ చోటును తిరిగి సంపాదించడం మనుషుల చేతిలో, ప్రభుత్వాల చేతిలో ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మే నెలలో మనకు బాగా తెలిసిన మేఘమే తీసుకోండి. పగలంతా భూమి కాగి, సాయంత్రానికి ఈశాన్యంలోనో వాయవ్యంలోనో నల్లగా కమ్ముకుని, ఈదురుగాలితో, వడగళ్లతో విరుచుకుపడే మేఘం. శాస్త్రంలో దాని పేరు క్యుములోనింబస్. పైలట్లు, కంట్రోలర్లు ‘సీబీ’ అంటారు. మన అక్షాంశాల్లో దాని శిఖరం 50,000 అడుగులు దాటడం మామూలే. ప్రయాణికుల విమానం ఎగిరేది 30,000కూ 41,000కూ మధ్య. పైనుంచి దాటిపోవడం కుదరదు. కిందినుంచి పోతే వడగళ్లు, కుండపోత, కిందికి విరుచుకుపడే గాలి. ఇక మిగిలింది పక్కకు తప్పుకోవడమే. బలమైన మేఘానికి 20 మైళ్ల దూరంలో ఉండమని పైలట్లకు నేర్పుతారు. ఒక్క మేఘానికి రెండు వైపులా 20 మైళ్లు వదిలేస్తే ఎంత ఆకాశం పోయిందో మీరే లెక్కవేయండి. అలాంటివి పది వరసగా నిలబడితే దాన్ని స్క్వాల్ లైన్ అంటారు. దాని మధ్య అక్కడక్కడా ఒక సందు ఉంటుంది. వరదకు కాజ్‌వేలన్నీ మునిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ మిగిలిన ఒక్క వంతెన మీదికే వచ్చినట్టు, విమానాలన్నీ ఆ ఒక్క సందుకే వస్తాయి.

అలాంటి సాయంత్రం రాడార్ ముందు ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. తెరమీద ఒక్కో విమానానికి ఒక్కో లేబుల్ ఉంటుంది. విమానం పేరు, ఎత్తు, వేగం, పైకి పోతోందా కిందికి దిగుతోందా చెప్పే చిన్న బాణం గుర్తు. తూర్పు నుంచి వస్తున్న విమానం పిలిచి, ముందు సీబీ ఉంది, ఎడమకు 15 మైళ్లు డీవియేషన్, అంటే దారి మళ్లింపు, కావాలంటుంది. ఇస్తాం. దాని వెనకది ఎడమకు 20 అడుగుతుంది. ఇస్తాం. ఇంతలో పడమర నుంచి ఎదురుగా వస్తున్నది కుడికి 20 అడుగుతుంది. ఒకరి ఎడమ, ఎదుటివాడి కుడి ఒకే పక్క. ముగ్గురూ ఒకే సందును చూశారు. మామూలు రోజైతే ఒకరికి హెడింగ్, అంటే ముక్కు దిశ, 10 డిగ్రీలు మార్చి సర్దేస్తాం. ఇవాళ హెడింగ్ ఇస్తే ‘అటు పోలేను, అటు మేఘం’ అని జవాబొస్తుంది. అది పైలట్ హక్కు. మేఘం ఆయన కళ్లముందుంది. మా తెర ప్రధానంగా విమానాలను చూపేది. మబ్బును ఆయన విమానం ముక్కులో ఉన్న రాడార్ చూసినంత దగ్గరగా మేం చూడం. అంటే పక్కదూరం అనే పనిముట్టు మా చేతిలోంచి జారిపోయింది. మిగిలింది ఎత్తు. సరే, ముగ్గుర్నీ మూడు లెవెల్స్‌లో పెడతాం.

అప్పుడు అందులో ఒకరు తీవ్రమైన కుదుపులో చిక్కుకుని, లెవెల్ నిలుపుకోలేకపోతున్నానంటారు. నియమం ప్రకారం ఆ విమానానికి 1000 అడుగుల తేడా ఇక చెల్లదు. పాత రోజుల్లోలాగా 2000 ఇవ్వాలి. అంటే మేఘం పక్కదూరాన్ని తిన్నది చాలక నిలువు దూరాన్నీ రెట్టింపు చేయమంటోంది. అదే సమయంలో రేడియో నిండిపోతుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమనే రొద తప్ప ఏమీ వినపడదు. ఎవరి రీడ్‌బ్యాక్ (ఆదేశాన్ని తిరిగి చెప్పడం) అందిందో, ఎవరిది అందలేదో తేల్చుకోవాలి. పక్క సీట్లో మరో కంట్రోలర్ కూర్చుని టెలిఫోన్లో చెన్నై వంటి పొరుగు కేంద్రాలతోనూ, పక్క సెక్టార్లతోనూ, అంటే ఆకాశంలో పక్క భాగాలు చూసేవాళ్లతోనూ, కో-ఆర్డినేషన్ చేస్తుంటారు. అవసరమైతే సెక్టార్‌ను రెండుగా చీలుస్తారు. బయలుదేరవలసిన వాటిని నేలమీదే ఆపేస్తారు. మీ విమానం తలుపులు వేసుకుని రన్‌వేకు దూరంగా ఊరికే నిలబడి ఉందంటే, చాలాసార్లు కారణం ఇదే. గాలిలో చోటు లేదు.

ఈ సమస్య విమానయానం పుట్టినప్పటి నుంచీ ఉంది. 1922 ఏప్రిల్ 7న ఉత్తర ఫ్రాన్స్‌లోని పికార్డీ ప్రాంతం మీద లండన్, పారిస్ మధ్య తిరిగే రెండు విమానాలు పొగమంచులో ఎదురెదురుగా ఢీకొని, ఉన్న ఏడుగురూ చనిపోయారు. వాణిజ్య విమానాలు గాలిలో ఢీకొనడం అదే మొదలు. నేలమీది గుర్తులు చూసుకుంటూ ఇద్దరూ ఒకే దారిన వచ్చారు. దారి కనపడని రోజున అందరూ కనిపించే ఒక్క దారినే పట్టుకుంటారన్న సంగతి అప్పుడే తేలింది.

1956 జూన్ 30 నాటి గ్రాండ్ కాన్యన్ ప్రమాదాన్ని ప్రతి కంట్రోలర్ విద్యార్థీ చదువుతాడు. లాస్ ఏంజెలిస్ నుంచి మూడు నిమిషాల తేడాతో రెండు విమానాలు బయలుదేరాయి. టీడబ్ల్యూఏ కాన్‌స్టలేషన్ 19,000 అడుగుల్లో, యునైటెడ్ డీసీ-7 21,000 అడుగుల్లో. దారిలో ఉరుముల మేఘాలు కనిపించి టీడబ్ల్యూఏ పైలట్ 21,000 అడిగాడు. అక్కడ యునైటెడ్ ఉందని నిరాకరించారు. అప్పుడాయన మేఘాలకు 1000 అడుగుల పైన పోయేందుకు అనుమతి అడిగాడు. అది దొరికింది. ఆ రోజు మేఘాలకు 1000 అడుగుల పైనంటే దాదాపు 21,000 అడుగులే. అక్కడి ఆకాశం మీద అప్పట్లో నియంత్రణ లేదు. ఎవరికి వారు చూసుకుని తప్పుకోవలసిందే. మేఘాల గుట్టల మధ్య ఒకరికొకరు సకాలంలో కనపడక ఢీకొన్నారు. 128 మంది చనిపోయారు. అమెరికా 1958లో కొత్త చట్టం చేసి, తర్వాత ఎఫ్ఏఏగా పేరుపడిన విమానయాన నియంత్రణ సంస్థను నెలకొల్పడానికి ఈ ప్రమాదమే బలమైన ప్రేరణ. నాకిందులో ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. పైలట్ అడిగింది న్యాయమైన కోరిక. కంట్రోలర్ మొదట కాదన్నదీ న్యాయమే. ఇద్దరి మధ్యా లేనిది, మేఘాన్ని తప్పించుకోవడానికి మూడో చోటు.

విమానంలోని రాడార్‌ను నమ్ముకోవడానికీ ఒక హద్దుంది. 1977 ఏప్రిల్ 4న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సదరన్ ఎయిర్‌వేస్ డీసీ-9 తన రాడార్‌ను నమ్ముకుని ఒక భీకరమైన మేఘంలోకి దూరింది. వాన, వడగళ్లు మింగి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. రోడ్డు మీద దించబోయారు. విమానంలోనూ నేలమీదా కలిపి 72 మంది పోయారు. ముందున్న కుండపోత రాడార్ తరంగాలను మింగేస్తే వెనకాల ఖాళీ ఉన్నట్టు కనపడుతుంది. నిజానికి అక్కడే అన్నిటికంటే గట్టి వాన ఉండొచ్చు. ఎండు వడగళ్లు తరంగాలను సరిగా వెనక్కి పంపవు. అందుకే వానను, గాలిని కొలిచే నేలమీది డాప్లర్ రాడార్లు చూపే చిత్రం కంట్రోలర్ ముందుకు అప్పటికప్పుడు రావాలి. హైదరాబాదులో, మచిలీపట్నంలో, విశాఖపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లున్నాయి. ఆ బొమ్మ వేరే గదిలో వేరే తెరమీద ఉంటే సగం ప్రయోజనమే.

ఇక మన దేశపు గాయం దగ్గరికి వస్తాను. 1996 నవంబరు 12 సాయంత్రం, హర్యానాలోని చర్ఖీ దాద్రీ. ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ బోయింగ్ 747, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్. సౌదీ విమానానికి 14,000 అడుగులు, ఇల్యూషిన్‌కు 15,000 అడుగులు కేటాయించారు. ఎదురుగా విమానం ఉందని కంట్రోలర్ ఇల్యూషిన్‌ను హెచ్చరించారు కూడా. ఇల్యూషిన్ తన ఎత్తు విడిచి కిందికి జారి సౌదీ విమానాన్ని ఢీకొంది. 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. దూరంగా పోతున్న అమెరికా వైమానిక దళ విమాన సిబ్బందికి మేఘంలో నారింజ రంగు వెలుగు కనిపించింది.

జస్టిస్ ఆర్.సి. లహోటీ కమిషన్ ఇల్యూషిన్ తన ఎత్తును వదిలిందని తేల్చింది. అందులో సందేహం లేదు. నా మనసులో నిలిచిపోయింది మిగతా భాగం. ఢిల్లీ చుట్టూ ఆకాశంలో చాలా భాగం వైమానిక దళం కింద ఉండేది. పోయే విమానాలకూ వచ్చే విమానాలకూ ఒకటే దారి. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేది గానీ ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. ఎత్తు కోసం పైలట్ మాట మీదే ఆధారపడాలి. ఇల్యూషిన్‌లో రేడియో మాట్లాడే మనిషి వేరు, విమానం నడిపే మనిషి వేరు. రేడియో మనిషి ఎత్తు తెలుసుకోవాలంటే పైలట్ల భుజాల మీదుగా చూడాలి. తర్వాత ఢిల్లీలో రాకకూ పోకకూ వేరువేరు దారులు వేశారు. ఎత్తు చూపే సెకండరీ రాడార్ వచ్చింది. ఢీకొనే ముప్పును గుర్తించి పైలట్‌కు పైకి పొమ్మనో కిందికి దిగమనో చెప్పే టీకాస్ పరికరాన్ని తప్పనిసరి చేశారు. ఆ పరికరం ఒకటి చెబితే కంట్రోలర్ మరొకటి చెప్పినప్పుడు ఏది వినాలన్న ప్రశ్నకు 2002 జులై 1న జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని, 71 మంది ప్రాణాలతో జవాబొచ్చింది. పరికరం మాటే వినాలి. చర్ఖీ దాద్రీ తర్వాత వచ్చిన ఆ మూడు మార్పులూ మంచివే. వాటిలో మొదటిది, అంటే దారులు విడదీయడం, చోటు ఇవ్వడమే. దానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేకపోయింది. పంచుకోవాలన్న నిర్ణయం చాలింది.

అలాంటి ఏర్పాటు ఎలా ఉండాలో సముద్రం మీది నియమం చక్కగా చూపిస్తుంది. బంగాళాఖాతం నడిబొడ్డున నేలమీది రాడార్ అందదు. దూరం పోయే హెచ్ఎఫ్ రేడియో గరగరలాడుతుంది. డేటాలింక్‌లో రాసి పంపిన సందేశానికి జవాబు రావడానికి సమయం పట్టవచ్చు. ముందు మేఘం వచ్చింది, అనుమతి ఇంకా రాలేదు. పైలట్ ఏం చేయాలి? అంతర్జాతీయ నియమం ఇలా ఉంది. లైట్లన్నీ వెయ్యి, చుట్టుపక్కల వాళ్లకు నీ స్థానం రేడియోలో చెబుతూ ఉండు, తప్పుకో. 5 మైళ్ల లోపు తప్పుకుంటే ఎత్తు మార్చకు. 5 మైళ్లు దాటితే 300 అడుగులు ఎత్తు మార్చు. తూర్పుకు పోయేవాడు ఎడమకు తప్పుకుంటే 300 దిగాలి, కుడికి తప్పుకుంటే 300 ఎక్కాలి. పడమరకు పోయేవాడికి ఇది తిరగబడుతుంది, ఎడమకైతే ఎక్కాలి, కుడికైతే దిగాలి.

విద్యార్థులు దీన్ని ఇంటికెళ్లి కాగితం మీద గీసి చూడండి. తూర్పుకు పోయేవాడి ఎడమ ఉత్తరం, పడమరకు పోయేవాడి కుడి కూడా ఉత్తరమే. కనుక ఏ దిక్కుకు పోయేవాళ్లయినా ఉత్తరానికి తప్పుకుంటే కిందికి, దక్షిణానికి తప్పుకుంటే పైకి. పక్క దారిలో సరైన ఎత్తులో వస్తున్నవాడికీ వీళ్లకూ మధ్య ఎప్పుడూ 300 అడుగులు మిగులుతాయి. 300 అడుగులు పెద్ద దూరమేమీ కాదు, 90 మీటర్లు. అయినా ఎవర్నీ అడగకుండా, ఎవరి జవాబుకూ ఆగకుండా దొరికే 90 మీటర్లవి. దీన్ని రాసినవాళ్లు ముందే కూర్చుని, నిస్సహాయంగా ఉన్న పైలట్‌ను ఊహించుకుని, అతడి కోసం చోటు దాచిపెట్టారు. మా వృత్తిలో నేను చూసిన అత్యంత మానవీయమైన రచన ఇది.

సముద్రం మీద ఇంత ఆలోచించిన లోకం, సరిహద్దు దగ్గర ఆగిపోయింది.

2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోతున్న ఇండిగో విమానం 220 మందికి పైగా ప్రయాణికులతో, 36,000 అడుగుల ఎత్తులో పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల తుపానులో చిక్కుకుంది. పౌర విమానయాన డైరెక్టరేట్ ప్రకటన ప్రకారం, పైలట్లు ఎడమకు, అంటే సరిహద్దు వైపు తప్పుకోవడానికి వైమానిక దళం నడిపే నార్తర్న్ కంట్రోల్‌ను అడిగారు. అనుమతి రాలేదు. లాహోర్‌ను అడిగారు. అక్కడా రాలేదు. అప్పటికి భారత్, పాకిస్తాన్ ఒకరి విమానాలకు మరొకరు ఆకాశాన్ని మూసేసి ఉన్నాయి. వెనక్కి తిరగాలని చూశారు గానీ మేఘం మరీ దగ్గరికొచ్చేసింది. నేరుగా దూరారు. కొలత పరికరాలు తప్పుడు సంకేతాలిచ్చాయి, ఆటోపైలట్ పోయింది, ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల వేగంతో కిందికి పడింది. పైలట్లు చేతులతో నడిపి బయటపడి శ్రీనగర్‌లో దించారు. ముక్కు బద్దలైంది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

ఆ రోజు రేడియోకు అటూ ఇటూ కూర్చున్న ఏ కంట్రోలర్‌నూ నేను తప్పుపట్టను. వాళ్ల ముందున్న ఆదేశం అలా ఉంది. కానీ ఆదేశమే తప్పు. మేఘాన్ని తప్పించుకోవడానికి 20 మైళ్లు అడిగే ప్రయాణికుల విమానానికి జవాబు క్షణాల్లో దొరకాలి. ఆ జవాబు కోసం పైవాళ్లను అడగవలసిన పరిస్థితే ఉండకూడదు. దేశం లోపలా ఇదే మాట. 2020 మే నెలలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ మన ఆకాశంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉందని ప్రకటించారు. ఆంక్షలు సడలిస్తే ఏటా వెయ్యి కోట్ల రూపాయలు మిగులుతుందన్నారు. ఇంధనం మిగలడం మంచిదే. నాకు మాత్రం ఆ మిగతా ఆకాశం ముఖ్యంగా అవసరమయ్యేది స్క్వాల్ లైన్ నిలబడ్డ సాయంత్రమే. సైన్యానికి శిక్షణ కోసం ఆకాశం కావాలి, కాదనను. ఉరుముల మేఘం ఉన్న గంటలో ఆ చోటు సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. దాన్ని తెరవడానికి ఒక హాట్‌లైన్, ముందే ఇచ్చిన అధికారం చాలు.

శత్రుదేశంతో ఇదెలా కుదురుతుందని అడిగేవాళ్లకు రెండు సంగతులు గుర్తుచేస్తాను. 1991 ఏప్రిల్‌లో భారత్, పాకిస్తాన్ గగనతల ఉల్లంఘనల నివారణకు ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధవిమానాలు సరిహద్దుకు 10 కిలోమీటర్ల లోపు రాకూడదని అందులో రాసుకున్నాయి. 1988 చివర్లో కుదిరిన మరో ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ అణు కేంద్రాల జాబితాలను ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. సంబంధాలు ఎంత చెడినా ఆ జాబితాలు ఆగలేదు. ఇంత కష్టమైనవే రాసుకోగలిగిన వాళ్లు, మేఘం నుంచి తప్పుకునే పౌర విమానం గురించి ఒక్క పేరా రాసుకోలేరంటే నేను ఒప్పుకోను. ఎన్ని మైళ్ల లోపలికి రావచ్చు, ఏ ఫ్రీక్వెన్సీలో చెప్పాలి, రాడార్‌లో గుర్తుగా ఏ కోడ్ పెట్టాలి, ఎంతసేపట్లో బయటికి పోవాలి. అంతే ఆ పేరా.

మాస్టారి శిష్యులకు ఒక మాట. భౌతికశాస్త్రం, గణితంతో బీఎస్సీ చదివినవాళ్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కంట్రోలర్ పరీక్ష రాయవచ్చు. శిక్షణ కేంద్రాల్లో ఒకటి బేగంపేటలోనే ఉంది. రాయండి. విమానాలు పెరుగుతున్నాయి, రాడార్ ముందు కూర్చునే మనుషులూ పెరగాలి. చెడు వాతావరణంలో అలసిన మెదడు అన్నిటికంటే ముందు చోటును పోగొడుతుంది.

పెద్దలకు ఒక విన్నపం. పార్లమెంటులో మన సభ్యులను అడగండి. వాతావరణం కారణంగా దారి మళ్లింపు కోరిన పౌర విమానానికి, దేశంలో సైనిక ఆకాశం లోపల ఎంతసేపట్లో అనుమతి రావాలో రాతపూర్వకమైన నియమం తేవాలి. పొరుగుదేశంతో అదే విషయమై ఆ ఒక్క పేరా కుదుర్చుకోవాలి. పఠాన్‌కోట్ మీద ఆ విమానం దక్కింది. తర్వాతి వేసవి మేఘాలు వచ్చేలోపు ఈ పని పూర్తికావాలి.